బొగ్గు తవ్విన ఊళ్లో మసి కొలిచిన రోజులు

ఉత్తర ధ్రువానికి ఇంకో 1,230 కిలోమీటర్లు మిగిలి ఉందనగా, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో అన్నిటికంటే పెద్దదైన స్పిట్స్‌బర్గెన్ పడమటి ఒడ్డున నీ-ఓలెసుండ్ అనే ఊరుంది. చలికాలంలో ముప్ఫై, ముప్ఫై అయిదు మంది ఉంటారు. ఎండాకాలం వచ్చేసరికి వంద దాటుతారు. దాని గురించి తెలుగులో ఎప్పుడు రాసినా ధ్రువపు ఎలుగుబంట్లు, అర్ధరాత్రి సూర్యుడు, మన హిమాద్రి పరిశోధన కేంద్రం అని రాస్తారు. అవన్నీ నిజమే. కానీ ఆ ఊరు పుట్టింది బొగ్గు కోసం. గోదావరిఖనిలో బొగ్గుబాయి సైరన్ వింటూ పెరిగినదాన్ని కాబట్టి నాకు ముందు గుర్తొచ్చేది అదే.

1916లో నార్వేలో పుట్టిన ఒక కంపెనీ అక్కడ తవ్వకం మొదలుపెట్టింది. కంపెనీ వాళ్లు ఓలెసుండ్ పట్టణం నుంచి వచ్చినవాళ్లు, అందుకే ఊరికి ఆ పేరు. కింగ్స్ బే అన్న ఆ కంపెనీ తర్వాత ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఇప్పటికీ ఊరి ఇళ్లు, రోడ్లు, రేవు, వంటశాల అన్నీ దాని చేతిలోనే ఉన్నాయి. బొగ్గు మాత్రం 1963లోనే ఆగిపోయింది.

నేను వెళ్లింది 2017 ఎండాకాలంలో, పరిశోధక విద్యార్థినిగా. గాలిలోని మసిని కొలవడం నా పని. బొగ్గు, డీజిలు, కట్టెలు, పంట మొదళ్లు ఏవి సరిగా కాలకపోయినా గాలిలో కలిసే సన్నటి నల్లటి రేణువులు ఉంటాయి చూడండి, వాటిని. "అంత దూరం పోయి మసి చూసుడేంది బిడ్డా, మన బాయి మీద నిలబడితే కావాల్సినంత దొరుకుతది" అన్నాడు మా నాయిన. ఆయన సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేరి, తట్టా చెమ్మస్‌తో (పారతో) బొగ్గు ఎత్తి టబ్బులు, అంటే పట్టాల మీద నడిచే ఇనుప తొట్లు, నింపిన మనిషి. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన జవాబు చెప్పాను: ఇక్కడ మసి ఎంత పుడుతుందో ఇక్కడే తెలుస్తుంది, అది ఎంత దూరం పోతుందో తెలియాలంటే పొగ దాదాపు లేని చోటికి వెళ్లి చూడాలి.

ఓస్లో మీదుగా స్వాల్‌బార్డ్‌లోని పెద్ద ఊరు లాంగ్‌ఇయర్‌బైన్ వరకు పెద్ద విమానాలు వెళ్తాయి. అక్కడి నుంచి రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం. డోర్నియర్ 228 అంటారు, మన కాన్పూర్‌లో ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ తయారుచేసే రకమే. అరగంట కూడా పట్టదు. కింద మంచునదులు, నల్లటి కొండలు, మధ్యమధ్య సముద్రపు నీళ్లు లోపలికి చొచ్చుకొచ్చిన ఫ్యోర్డులు. విమానం కంకర పరిచిన నేల మీద దిగింది. ఎదురుగా కాంగ్స్‌ఫ్యోర్డ్ నీళ్లు, వాటి అవతల మంచునది అంచు, ఇవతల ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల చెక్క ఇళ్లు.

దిగేలోపే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించారు. ఆ ఊళ్లో మొబైల్ సిగ్నల్ వాడరు, వైఫై లేదు, బ్లూటూత్ లేదు. అక్కడ పెద్ద రేడియో టెలిస్కోపులు ఉన్నాయి. కోట్ల కాంతి సంవత్సరాల అవతల వెలిగే క్వేజార్లనే నక్షత్ర మండలాల కేంద్రాల నుంచి వచ్చే బలహీనమైన తరంగాలను పట్టి, భూమి తిరిగే వేగంలో, నేల కదలికలో వచ్చే చిన్న చిన్న తేడాలను లెక్కగడతాయి. చుట్టూ ఇరవై కిలోమీటర్ల మేర వాటికి అడ్డుతగిలే ఏ పరికరమూ అనుమతి లేకుండా పనిచేయకూడదు. కంప్యూటరుకు వైరు తగిలిస్తేనే ఇంటర్నెట్. ఇంటికి మాట్లాడాలంటే తీగ ఫోన్. నాకది కష్టమనిపించలేదు. భోజనాల దగ్గర ఎవరి చేతిలోనూ ఫోన్ లేకపోవడం వల్ల ఆ ఊళ్లో మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట్లాడుకుంటారు. అక్కడ ఏర్పడినంత త్వరగా నాకు ఇంకెక్కడా స్నేహాలు కలవలేదు.

తినడానికి ఒకటే చోటు. ఊరంతా అక్కడికే. వాకిట్లో బూట్లు విప్పి, సాక్సులతోనో ఇంటి చెప్పులతోనో లోపలికి. ఒక బల్ల దగ్గర జర్మనీ వాళ్లు, ఫ్రాన్స్ వాళ్లు, ఇంకో దగ్గర కొరియా, జపాన్ వాళ్లు, పక్కన నార్వే ఎలక్ట్రీషియన్, బుల్డోజరు నడిపే ఆయన, వంట మనిషి. పదిదాకా దేశాల పరిశోధన సంస్థలకు ఆ ఊళ్లో చోటుంది. ఎవరి దేశం ఎంత పెద్దదన్నది అక్కడ లెక్కకు రాదు. తిన్న పళ్లెం ఎవరిది వాళ్లే తీయాలి. శనివారం రాత్రి మాత్రం అందరూ కాస్త మంచి బట్టలు కట్టుకుని వస్తారు. నేను పట్టుకెళ్లిన ఒకే ఒక్క చీర ఆ శనివారాలకే సరిపోయింది. నార్వే వాళ్ల గోధుమరంగు చీజ్ మొదటిసారి నోట్లో పెట్టుకున్నప్పుడు మా కరీంనగర్ బస్టాండు దగ్గర అమ్మే కోవా రుచి తగిలింది. ఆ తర్వాత ప్రతి పొద్దునా రొట్టె మీద అదే.

ఇళ్లకు తాళాలు వేయరు. ఎలుగుబంటి ఎదురైతే ఏ తలుపైనా తోసుకుని లోపలికి వెళ్లగలగాలి, అందుకు. ఊరి హద్దు దాటాలంటే తుపాకీ పట్టుకోవాలి, దానికి ముందు కాల్చడం నేర్చుకోవాలి. నా భుజం రెండు రోజులు వాచింది. అసలు భయపెట్టింది మాత్రం ఎలుగుబంటి కాదు, ఆర్కిటిక్ టెర్న్ అనే గుప్పెడంత పిట్ట. బాట పక్క కంకరలోనే గుడ్లు పెడుతుంది. దగ్గరికి వెళ్తే నేరుగా నెత్తి మీదికి దూకి ముక్కుతో పొడుస్తుంది. ఎత్తుగా ఉన్నదాన్నే పొడుస్తుంది కాబట్టి, అందరం తలకంటే పైకి ఒక కర్ర పట్టుకుని నడిచేవాళ్లం. ఎండాకాలం అయిపోగానే ఆ పిట్ట అంటార్కిటికా దాకా ఎగిరిపోయి, మళ్లీ వచ్చే ఎండాకాలానికి తిరిగి వస్తుంది. అంత దూరం నుంచి వచ్చి పిల్లల్ని చేసుకునే పిట్టకు ఆ మాత్రం కోపం ఉండాలి.

ఊరి నడుమ నార్వే ధ్రువ యాత్రికుడు రోల్డ్ అముండ్సెన్ విగ్రహం ఉంది. 1925లో ఆయన రెండు సముద్ర విమానాలతో ఇక్కడి నుంచే ధ్రువం వైపు బయల్దేరాడు, చేరలేకపోయాడు. మరుసటి ఏడు, 1926 మే 11న, ఇటలీ ఇంజనీరు ఉంబెర్తో నోబిలె, అమెరికా నుంచి వచ్చిన లింకన్ ఎల్స్‌వర్త్‌లతో కలిసి నోర్గె అనే గాలి ఓడ (ఎయిర్‌షిప్) ఎక్కి, 12న ధ్రువం మీదుగా దాటి అలాస్కాలో దిగాడు. ఆ గాలి ఓడను కట్టిన ఇనుప స్తంభం ఊరి అంచున ఇప్పటికీ నిలబడి ఉంది. రెండేళ్ల తర్వాత ఇటాలియా అనే ఇంకో గాలి ఓడలో వెళ్లి కూలిపోయిన నోబిలెను వెతకడానికి బయల్దేరి అముండ్సెన్ కనబడకుండాపోయాడు. ఓడల్లో వచ్చే యాత్రికులు ఆ స్తంభం దగ్గర, ఆ విగ్రహం దగ్గర ఫొటోలు తీసుకుంటారు. తీసుకోవాలి కూడా. గొప్ప సాహసమే అది.

నా కాళ్లు మాత్రం రేవు వైపు లాగేవి. అక్కడ పట్టాల ముక్క మీద ఒక చిన్న ఆవిరి ఇంజను, దాని వెనకాల బొగ్గు టబ్బులు ఉన్నాయి. బాయి నుంచి రేవుకు బొగ్గు తెచ్చిన బండి. మొదటిసారి దాన్ని చూసినప్పుడు చలికి చేతులు తొడుగుల్లోనే ఉన్నాయి. ఒక తొడుగు తీసి టబ్బు అంచు మీద చెయ్యి పెట్టాను. ఇనుము ఎంత చల్లగా ఉందంటే వేళ్లు అంటుకుంటాయేమో అనిపించింది. అంచు లోపలికి ఒక చోట నొక్కుకుపోయి ఉంది. టబ్బుకు టబ్బు తగిలితే పడే సొట్ట అది. చిన్నప్పుడు బాయి మీద పాత సామాను గుట్టలో అలాంటి సొట్టలు ఎన్ని చూశానో! దాని ఫొటో తీసి నాయినకు మెయిల్ చేస్తే, తమ్ముడు చూపించాడట. అంతా చూసి నాయిన అడిగింది టబ్బును టబ్బుకు తగిలించే కొక్కెం గురించి. "గా లింకు దగ్గర నుంచి తియ్యి బిడ్డా, మంచిగ కనబడ్తలేదు" అన్నాడు ఫోన్లో. మళ్లీ వెళ్లి తీసి పంపాను.

ఆయనతో ఆ వేసవిలో మాట్లాడినంత అంతకు ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. బాయి సంగతులు ఇంట్లో చెప్పే అలవాటు ఆయనకు లేదు. షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని పడుకునేవాడు. ఎంత రుద్దినా రెప్పల అంచున బొగ్గు గీత పోయేది కాదు. షిఫ్టు అయిపోయి గంట దాటినా ఇంటికి రాకపోతే అమ్మ వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగేది, చేతిలో పని నిలిచేది కాదు. మా కాలనీలో ప్రతి ఇంట్లో అదే తంతు. కప్పు కూలిందని ఎవరైనా అంటే చాలు, ఆడవాళ్లందరూ చెప్పులు కూడా వేసుకోకుండా బాయి మీదికి ఉరికేవాళ్లు.

అందుకే 1962 నవంబరు 5 గురించి అక్కడి చిన్న మ్యూజియంలో చదివినప్పుడు చాలాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను. ఆ రోజు బాయిలో పేలుడు జరిగి ఇరవై ఒక్క మంది చనిపోయారు. కొందరి శరీరాలను బయటికి తేవడం కూడా సాధ్యం కాలేదు. అంతకు ముందు 1948లో, 1952లో, 1953లో కూడా పేలుళ్లు జరిగాయి. అది గ్యాసున్న బాయి. అప్పట్లో ఆ ఊళ్లో కుటుంబాలు ఉండేవి, పిల్లలకు బడి ఉండేది. అక్కడ సూర్యుడు అక్టోబరు చివర్లో అస్తమిస్తే మళ్లీ కనబడేది ఫిబ్రవరిలోనే. అంటే నవంబరు 5 నాటికి సూర్యుడు కనబడక పది రోజులు దాటింది. ఆ చీకట్లో, ఆ మంచులో బాయి మీదికి వెళ్లి నిలబడిన ఆడవాళ్లు ఎవరో నాకు తెలియదు, వాళ్ల భాష తెలియదు. వాళ్ల కాళ్ల వణుకు మాత్రం తెలుసు.

ఆ ప్రమాదం నార్వేను కుదిపేసింది. ప్రభుత్వ కంపెనీ నడుపుతున్న గనిలో భద్రత ఎందుకు లేదని పార్లమెంటు నిలదీసింది. 1963 ఆగస్టులో ఐనార్ గెర్హార్డ్‌సన్ ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో పడిపోయింది. ఇరవై ఒక్క మంది గని పనివాళ్ల చావు ఒక దేశ ప్రధానిని దింపింది. ఈ మాట చెప్పినప్పుడు నాయిన ఫోన్లో ఏమీ అనలేదు కాసేపు. తర్వాత "పనోని పానానికి గంత విలువ ఇచ్చిన్రా" అన్నాడు. అది ఆయన మెచ్చుకుని అన్న మాట. విగ్రహం ఉన్న ఊళ్లో ఆ ఇరవై ఒక్క మంది గురించి కూడా అంతే గట్టిగా చెప్పాలని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. అముండ్సెన్ ఆ ఊరి మీదుగా వెళ్లాడు. వాళ్లు ఆ ఊరిని మోశారు.

బొగ్గు ఆగిపోయాక ఊరు పాడుపడిపోవాల్సిందే. పడలేదు. 1960ల్లోనే ఉపగ్రహాల సంకేతాలు అందుకునే కేంద్రం ఒకటి వచ్చింది, 1968లో నార్వే ధ్రువ పరిశోధన సంస్థ అడుగుపెట్టింది, ఆ తర్వాత ఒక్కో దేశమే వచ్చింది. నేను వెళ్లినప్పుడు చైనా కేంద్రం గుమ్మం ముందు రెండు రాతి సింహాలు కూర్చుని ఉండేవి. మన దేశం నుంచి 2007 ఆగస్టులో అయిదుగురు శాస్త్రవేత్తల మొదటి బృందం వెళ్లింది. 2008 జులై 1న హిమాద్రి మొదలైంది. 2014లో మనవాళ్లు ఫ్యోర్డ్ అడుగున, 192 మీటర్ల లోతున ఇండార్క్ అనే పరికరాల వరసను లంగరేసి, నీటి వేడిమినీ ఉప్పదనాన్నీ ఏడాది పొడుగునా నమోదు చేయడం మొదలుపెట్టారు. ఆర్కిటిక్ సముద్రపు మంచు తగ్గడానికీ మన నైరుతి రుతుపవనాలకూ ఉన్న లంకెను వెతకడం అక్కడ మనకున్న ముఖ్యమైన పనుల్లో ఒకటి. వాన కోసం ఆకాశం చూసే రైతుల దేశానికి అది పరాయి పని కాదు.

ఊరికి కాస్త దూరంగా, పాత బాయికి వెళ్లే దారిలో గ్రూవెబాదె అనే కట్టడం ఉంది. 2016 నుంచి మన గాలి పరిశీలన పరికరాలు కొన్ని అందులో ఉన్నాయి. ఇటలీ వాళ్లవి అంతకు ముందు నుంచే ఉన్నాయి. ఒకప్పుడు అది గని పనివాళ్ల స్నానాలగది. షిఫ్టు దిగిన మనుషులు ఒంటి మీది బొగ్గంతా కడుక్కుని ఇళ్లకు వెళ్లిన చోటు. నార్వే వాళ్లు పాత పేరే ఉంచేశారు. నాకు ఈ సంగతి వెళ్లేదాకా తెలియదు. తెలిసిన రోజు అందులో నా పరికరం ముందు కూర్చుని, ఈ గోడల మధ్య ఎంత నల్లటి నీళ్లు పారి ఉంటాయో అనుకున్నాను.

ఎథలోమీటర్ అంటారు దాన్ని. బయటి గాలిని గొట్టంతో లోపలికి పీల్చి, తెల్లటి వడపోత టేపు గుండా పంపుతుంది. గాలిలో మసి ఉంటే టేపు మీద గుండ్రటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ గుండా వెలుతురు ఎంత తగ్గిందో చూసి మసి ఎంతో లెక్కగడుతుంది. మచ్చ ముదిరితే టేపు దానంతటదే జరిగి కొత్త చోటు ముందుకొస్తుంది. మన నగరాల్లో అది ఊరికే జరుగుతూనే ఉంటుంది, మచ్చలు బాగా నల్లగా వస్తాయి. అక్కడ గంటల తరబడి అదే చోటు. టేపు బయటికి తీసి కిటికీ దగ్గర పెట్టి చూస్తే, మచ్చ ఉందా లేదా అన్నట్టు ఉండేది. అంచు ఒక్కటే ఆనవాలు. మన నగరాల్లో ఘనమీటరు గాలికి మసి వేల నానోగ్రాముల్లో ఉంటే, అక్కడ ఎండాకాలంలో పదుల్లోనో ఇంకా తక్కువో. చలికాలం చివర, వసంతంలో పెరుగుతుంది. యూరప్, ఆసియా ఖండాల పొగ ఆ నెలల్లో ఉత్తరానికి కొట్టుకొచ్చి, ఆకాశం మసకబారుతుంది.

అంత తక్కువ మసి ఏం చేస్తుందిలే అనుకోకూడదు. కొత్తగా పడిన మంచు తన మీద పడ్డ వెలుతురులో నూటికి ఎనభై పాళ్లకు పైగా వెనక్కి కొట్టేస్తుంది. దాని మీద ఈ నల్లటి రేణువులు పడితే ఆ వెలుతురును తాగి, వేడెక్కి, మంచును కరిగిస్తాయి. ఊరి పైనున్న జెప్పెలిన్ కొండ మీద, 474 మీటర్ల ఎత్తున ఇంకో పరిశీలన కేంద్రం ఉంది, తీగల మీద నడిచే చిన్న పెట్టెలో ఎక్కి వెళ్లాలి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 400 పీపీఎం (పది లక్షల పాళ్లలో 400 పాళ్లు) దాటిన సంగతిని 2012 వసంతంలోనే నమోదు చేసిన చోట్లలో అదొకటి. చుట్టూ ఫ్యాక్టరీలు లేవు, అయినా లెక్క అక్కడ పడుతూనే ఉంది.

ఫ్యోర్డ్‌కు అవతల బ్లొమ్‌స్ట్రాండ్ అనే నేల ఉంది. పాత మ్యాపుల్లో అది ద్వీపకల్పం. దాన్ని గట్టుతో కలిపి ఉంచిన మంచునది వెనక్కి తగ్గిపోయాక, 1990ల్లో చుట్టూ నీళ్లు తేలి, అది దీవి అని తెలిసింది. ఒక రోజు పడవలో దాని వెనకగా వెళ్లాం. ఏళ్లుగా వస్తూ పోతూ ఉన్న జర్మన్ ఆమె ఒకరు నీళ్లలోకి వేలు చూపించి, మంచు ఒకప్పుడు ఎంత దాకా ఉండేదో చెప్పింది. ఆమె గొంతులో మా అమ్మ వాళ్ల ఊరు చెరువు గురించి మా మామయ్య మాట్లాడేటప్పుడు వినిపించే బాధే వినిపించింది. ఒకప్పుడు చలికాలంలో ఫ్యోర్డ్ లోపలి భాగం గట్టిగా గడ్డకట్టేదట, 2006 నుంచి ఆ గడ్డ బాగా పలచబడిపోయింది.

ఇది చదివి, బొగ్గు తవ్వినవాళ్లది తప్పు అనేవాళ్లు ఉంటారు. నేను ఒప్పుకోను. మా నాయిన తవ్విన బొగ్గుతో ఎన్ని ఊళ్లకు కరెంటు వచ్చిందో, ఆ జీతంతో నేను ఎలా చదువుకున్నానో నాకు తెలుసు. నీ-ఓలెసుండ్ బాయిలో దిగినవాళ్లూ ఇంటి కోసమే దిగారు. కాల్చడం తగ్గించుకోవాలి, ఆ మాట మసి కొలిచే నేను గట్టిగా చెబుతాను. కానీ ఆ లెక్కను తట్ట మోసినవాడి నెత్తిన పెట్టకూడదు. బాయి మూసేటప్పుడు ముందు వాడి కుటుంబానికి దారి చూపించాలి.

2025లో లాంగ్‌ఇయర్‌బైన్ దగ్గరి ఏడో నంబరు బాయి మూతపడింది. స్వాల్‌బార్డ్‌లో నార్వే వాళ్ల చివరి బొగ్గుబాయి అది. ఈ వార్త నాయినకు చదివి వినిపించాను. ఆయన ఇప్పుడు రిటైరై మాతోనే ఉంటున్నాడు, పొద్దున చెవిటి మిషన్ పెట్టుకుని పేపరు వింటాడు. బొగ్గు ఎన్ని టన్నులు వచ్చిందని అడగలేదు, మంచు సంగతి అడగలేదు.

"పని చేసేటోళ్లు ఎంతమంది ఉండె బిడ్డా? అండ్ల మనోళ్ల లెక్క ముసలోళ్లున్నరా? ఏడికి పోయిన్రట?"

వార్తలో అది లేదు. అక్కడ ఇంకా పనిచేస్తున్న ఒకామెకు ఆ సాయంత్రమే మెయిల్ రాసి అడిగాను. జవాబు వస్తే ఆయనకు చదివి వినిపించాలి.